చొక్కా కొనడానికి పెళ్లిచూపులెందుకు?

సూర్యాపేటలో ఒక డిగ్రీ కుర్రాడు. అక్క వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ ఒకటి ఇంట్లో ఉంది. 4 జీబీ ర్యామ్, గరగరలాడే హార్డ్ డిస్కు. అందులో ఉన్న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 ఉండాలి, ఈ పాత మెషీన్‌లో అది లేదు. "లినక్స్ వేసుకోరా, పైసా ఖర్చు లేదు" అన్నాడు ఒక సీనియర్. మనవాడు సరేనన్నాడు. ఆ సరే అని మూడు వారాలైంది.

"అయిందా బిడ్డా?" అని నాన్న అడిగితే, "ఇంకా చూస్తున్న నాన్నా" అంటాడు.

చూస్తున్నది, లినక్స్‌కు ఏ డెస్క్‌టాప్ వేయాలో చెప్పే వీడియోలు. గ్నోమ్‌ను మించింది లేదని ఒకాయన. కేడీఈ ముందు అది దిగదుడుపే అని ఇంకొకాయన. ఈ రెండూ బరువు, ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసుకుంటే రాకెట్టే అని మూడో ఆయన. ముగ్గురూ నిజమే చెబుతున్నట్టుంటుంది. ల్యాప్‌టాప్ మాత్రం బ్యాగులోంచి బయటికి రాలేదు.

ఆ కుర్రాడిలో నాకు నేను కనిపించాను. మీకూ ఎవరో ఒకరు కనిపించే ఉంటారు. ఫోన్ కొనడానికి నెల రోజులు రివ్యూలు చదివి, ఏ కోర్సులో చేరాలో మాత్రం పక్కింటివాళ్లు చెప్పారని ఒక్క సాయంత్రంలో తేల్చేసేవాళ్లం మనమే. చొక్కా కొనడానికి పెళ్లిచూపులు జరుపుతాం. పెళ్లిలాంటి నిర్ణయాన్ని చొక్కా కొన్నంత తేలిగ్గా తీసుకుంటాం. లినక్స్‌లో డెస్క్‌టాప్ ఎంచుకోవడం చిన్న పనే. కానీ ఎంపిక చేసుకోవడం నేర్చుకోవాలంటే అంతకన్నా చవకైన బడి దొరకదు. ఫీజు లేదు, తప్పినా నష్టం లేదు.

ఛాసీ ఒకటే, బాడీ మీ ఇష్టం

లారీ కొంటే కంపెనీ ఇచ్చేది ఇంజను, ఛాసీ. బాడీ మనం కట్టించుకుంటాం. మన 65వ నంబరు హైవే పట్టుకుని కోదాడ దాటి పోతే వచ్చే విజయవాడ ఆటోనగర్ ఆ పనికి పెట్టింది పేరు. ధాన్యం బస్తాలకు ఒక రకం బాడీ, పొడి సిమెంటుకు ట్యాంకరు, కంకరకు టిప్పరు. కింద ఇంజను ఒకటే కావచ్చు.

కంప్యూటర్‌లో లినక్స్ ఆ ఇంజను. కంటికి కనిపించే మెనూ, కింది పట్టీ, కిటికీలు, ఫైళ్లు తెరిచే చోటు, సెట్టింగుల పెట్టె అన్నీ కలిపి డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్. అదే బాడీ. విండోస్ కంపెనీ కట్టిన బాడీతోనే వస్తుంది. లినక్స్, ఫ్రీబీఎస్‌డీ లాంటి యూనిక్స్ కుటుంబంలో బాడీ మీరు ఎంచుకోవాలి.

పేర్లు ఎన్నో ఉన్నా, మామూలు మనిషి గుర్తుపెట్టుకోవలసినవి అరడజనే. గ్నోమ్: తక్కువ బటన్లు, తనదైన ఒక పద్ధతి, ఆ పద్ధతికి మనమే అలవాటుపడాలి. కేడీఈ ప్లాస్మా: ప్రతి మేకూ మనం బిగించుకోవచ్చు, విప్పుకోవచ్చు. సినమన్: విండోస్ నుంచి వచ్చినవాళ్లకు కొత్త అనిపించదు. మాటే: పాతకాలపు నిమ్మళం. ఎక్స్‌ఎఫ్‌సీఈ: తేలిక, తొందరపడి మారని స్వభావం. ఎల్‌ఎక్స్‌క్యూటీ: ఇంకా తేలిక, బక్కచిక్కిన మెషీన్లకు ఊపిరి.

ఇంతే. దీనికి మూడు వారాలు అక్కర్లేదు. ఎందుకో చూద్దాం.

1. ముందు అడగండి: ఇది చొక్కానా, పెళ్లా?

ఒకప్పుడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ నల్గొండ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా అయింది. కోదాడ అటు వెళ్లింది, మిర్యాలగూడ నల్గొండలోనే ఉండిపోయింది. రాత్రికి రాత్రి బోర్డులు మారాయి. కోదాడలో ఎవరి ఇల్లు వాళ్లదే, ఎవరి పొలం వాళ్లదే, ఎవరి అప్పూ వాళ్లదే.

డెస్క్‌టాప్ మార్చడం అలాంటి బోర్డు మార్పే. మీ ఫొటోలు, ఉత్తరాలు, పాటలు మీ హోం ఫోల్డర్‌లో ఎక్కడివక్కడే ఉంటాయి. ఒకే కంప్యూటర్‌లో రెండు డెస్క్‌టాప్‌లు వేసుకుంటే, పాస్‌వర్డ్ అడిగే తెర మీదే ఈ రోజు ఏది కావాలో ఎంచుకునే వీలుంటుంది. నచ్చకపోతే బయటికొచ్చి రెండోది ఎక్కడమే.

వెనక్కి తిరిగి రాగల దారిలో అడుగు వేయడానికి ముహూర్తం చూడనక్కర్లేదు. ఏ నిర్ణయం ముందు నిలబడ్డా మొదట ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి: "ఇది తప్పైతే వెనక్కి రావడానికి నాకు ఎంత ఖర్చు?" ఖర్చు ఒక ఆదివారమే అయితే, ఆలోచనకు ఒక సాయంత్రం చాలు.

2. "ఏది మంచిది?" సగం ప్రశ్న

"అన్నా, ఏది మంచిది?" అని అడిగితే తెలిసినవాడు జవాబు చెప్పడు. "దేనికి?" అని ఎదురు అడుగుతాడు. మూడు ఊళ్లలో మూడు బల్లల దగ్గర కూర్చుని చూడండి.

కోదాడ బస్టాండు దగ్గర ఒక జిరాక్స్, నెట్ సెంటర్ అనుకుందాం. బయట బస్సు హారన్ కొడుతుంటుంది, కస్టమర్ హాల్‌టికెట్ ప్రింటు కోసం ఒంటికాలి మీద నిలబడి ఉంటాడు. పనికి కుదిరిన పిల్లవాడు రెండు నెలలకోసారి మారుతుంటాడు. ఇక్కడ కావలసింది కొత్తవాడికి కూడా పది నిమిషాల్లో అర్థమయ్యే తెర. కింద పట్టీ, ఎడమ మూల మెనూ, ఎదురుగా ఫోల్డర్లు. సినమన్ సరిపోతుంది. మెషీన్ పాతదైతే ఎక్స్‌ఎఫ్‌సీఈ. లినక్స్ మింట్ ఈ రెండింటితోనూ, మాటేతోనూ దొరుకుతుంది. కానీ ఒక హెచ్చరిక. వేలిముద్ర యంత్రాల సాఫ్ట్‌వేర్ చాలాసార్లు విండోస్‌కే దొరుకుతుంది. ఆ పనికి ఒక విండోస్ మెషీన్ ఉంచుకోక తప్పదు.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసు. గుమాస్తా ముందు ట్యాలీ తెరిచి ఉంది, పక్కన డిజిటల్ సంతకం టోకెన్, ఆ పక్కన వే బిల్లులు. ట్యాలీ విండోస్ కోసం తయారైన సరుకు. ఆ బల్ల మీద లినక్స్ డెస్క్‌టాప్‌ల గురించి చర్చ పెట్టడం, వడ్లు మోయాల్సిన లారీకి ట్యాంకరు బిగించడమే. ఈ మెషీన్‌కు మీ జవాబు "వద్దు". వద్దు అనడం కూడా ఎంపికే. ధైర్యంగా అనండి. ఆఫీసులో ఉత్తరాలకూ ఈమెయిళ్లకూ వాడే రెండో పాత కంప్యూటర్ ఉందా? మీ లినక్స్ అక్కడ వేయండి.

సూర్యాపేటలో మన కుర్రాడు. పైథాన్ నేర్చుకోవాలి, ప్రాజెక్టు రిపోర్టు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ టైపు చేయాలి, క్లాసు వీడియోలు చూడాలి. అతని పనికి ఏ డెస్క్‌టాపైనా సరిపోతుంది. అతన్ని కట్టిపడేసేది ఒక్కటే, 4 జీబీ ర్యామ్. ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసుకుని చదువులో పడాలి.

మూడు బల్లలు, మూడు జవాబులు. "దేనికి?" తేలితే "ఏది?" దానంతటదే తేలుతుంది. ఉద్యోగమైనా, కోర్సైనా, స్కూటరైనా ఇదే వరస.

3. తేమ చూశాకే ధర

వడ్ల కొనుగోలు కేంద్రానికి వెళ్లిన రైతుకు తెలుసు. కుప్ప దగ్గరికి ముందు వచ్చేది తేమ కొలిచే మిషను. 17 శాతం దాటితే ఇంకా ఆరబెట్టమంటారు. ధర మాట ఆ తర్వాతే. మన ఇష్టాలు ఎంత గొప్పవైనా, కొలత ముందు నోరు మూసుకోవాలి.

మీ మెషీన్ తేమ కొలవండి. ర్యామ్ ఎంత? డిస్కు పాతకాలపు తిరిగే రకమా, ఎస్‌ఎస్‌డీనా? ప్రాసెసర్ ఏ కాలంది? 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ ఉంటే గ్నోమ్, ప్లాస్మా, సినమన్ ఏదైనా హాయిగా నడుస్తుంది. 4 జీబీ అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ వైపు, మాటే వైపు మొగ్గండి. 2 జీబీ అయితే ఎల్‌ఎక్స్‌క్యూటీ. లుబుంటు అనే లినక్స్ రకం 2018 నుంచి దానితోనే వస్తోంది. పిండి కొద్దీ రొట్టె.

ఇక్కడ వీడియోల్లో గట్టిగా చెప్పని మాట ఒకటుంది. తేలికైన డెస్క్‌టాప్ మీకు కొన్ని వందల ఎంబీల ర్యామ్ మిగుల్చుతుంది. మీరు బ్రౌజర్‌లో పదిహేను ట్యాబులు తెరిస్తే ఆ మిగులు నిమిషంలో హరించుకుపోతుంది. మెషీన్ నెమ్మదికి అసలు కారణం చాలాసార్లు డెస్క్‌టాప్‌లో ఉండదు. పాత హార్డ్ డిస్కు తీసి చిన్న ఎస్‌ఎస్‌డీ వేస్తే వచ్చే తేడా, నాలుగు డెస్క్‌టాప్‌లు మార్చినా రాదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ట్యాబులు మూయలేని మనం డెస్క్‌టాప్‌ను తిడుతుంటాం.

మీ జీవితంలో కూడా ఒకసారి చూసుకోండి. "ఈ కాలేజీ బాగోలేదు, ఈ ఆఫీసు బాగోలేదు" అంటున్నప్పుడు, ఓడు మద్దెలదేనా, తెరిచి మూయని ట్యాబులదా?

4. సరిపోయేది దొరికితే వెతుకులాట కట్టేయండి

హెర్బర్ట్ సైమన్ అని అమెరికా పండితుడు. 1975లో కంప్యూటర్ రంగపు ట్యూరింగ్ పురస్కారం, 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్, రెండూ అందుకున్నాడు. మనిషి ఎలా నిర్ణయం తీసుకుంటాడన్నదే ఆయన జీవితకాలపు పని. అన్ని దారులూ చూసి, అన్ని లెక్కలూ వేసి, అన్నిటికన్నా గొప్పదాన్ని ఎంచుకునేంత సమయమూ సమాచారమూ ఎవరి దగ్గరా ఉండవన్నాడు. మన అవసరానికి ఒక గీత గీసుకుని, ఆ గీత దాటిన మొదటిదాన్ని పట్టుకుంటే చాలన్నది ఆయన 1956లో ముందుకు తెచ్చిన ఆలోచన.

మన ఇళ్లలో అమ్మలు చేసేది ఇదే. సంతలో ప్రతి వంకాయా ఎత్తి చూడరు. పుచ్చు లేకుండా, లేతగా ఉంటే సంచిలో వేస్తారు. వంట టైముకు అవుతుంది.

ఒక కాగితం తీసుకోండి. మూడే మూడు షరతులు రాయండి. ఉదాహరణకు: నా 4 జీబీలో ఆగకుండా నడవాలి. తెలుగు టైపింగ్ ఇబ్బంది లేకుండా రావాలి. నా ప్రింటర్ పనిచేయాలి. ఈ మూడూ దాటిన మొదటి డెస్క్‌టాప్ మీది. నాలుగో షరతు రాయాలని చెయ్యి లాగుతుంది. రాయకండి. షరతులు పది అయితే గెలిచేది ఏదీ ఉండదు, వెతుకులాట ఒక్కటే మిగులుతుంది.

5. చేతి అలవాటు బలహీనత కాదు

గ్నోమ్ వాళ్లు 2011 ఏప్రిల్‌లో మూడో అవతారం తెచ్చారు. అంతకుముందు పైనా కిందా రెండు పట్టీలుండేవి, ఎక్కడేముందో చేతికి తెలుసు. కొత్తదాంట్లో కింది పట్టీ మాయం, కిటికీని కిందికి దించే బటన్ మాయం. చాలామంది గగ్గోలు పెట్టారు. అర్జెంటీనాకు చెందిన ఒక వాడుకరి మాత్రం గగ్గోలుతో ఆగలేదు. పాత గ్నోమ్ 2 కోడ్ తీసుకుని, అదే ఏడాది దాన్ని వేరే పేరుతో బతికించాడు. దక్షిణ అమెరికాలో టీలా కాచుకు తాగే ఆకు పేరు మాటే. ఆ డెస్క్‌టాప్‌కు పేరు అదే పెట్టారు.

ముప్పై ఏళ్లు రోకడి పుస్తకం రాసిన చేతికి ఒక లయ ఉంటుంది. పదేళ్లు విండోస్ వాడిన చేతికీ ఉంటుంది. ఆ లయ మీరు కట్టుకున్న పెట్టుబడి. ఫ్యాషన్ పేరుతో దాన్ని తగలేయకండి. ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లకు కంప్యూటర్ సిద్ధం చేస్తుంటే మీ రుచి పక్కన పెట్టండి. మీకు ప్లాస్మా ఇష్టం కావచ్చు. నాన్నకు కావలసింది పెద్ద అక్షరాలు, మూడు బొమ్మలు: ఫొటోలు, వార్తలు, వీడియో కాల్. ప్రేమంటే ఇక్కడ ఆయన చెయ్యి ఎక్కడికి పోతుందో అక్కడ బటన్ ఉంచడం.

ఇంకో వైపూ చూడండి. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్లుగా లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. వాళ్ల చేతికి అదే మొదటి అలవాటు. అంటే అలవాటు పుట్టుకతో రాదు, కట్టుకుంటే వస్తుంది. మీకు ఇరవై ఏళ్లుండి, ముందు చాలా సెలవులుంటే, కొంచెం కష్టమైన పద్ధతిని కావాలనే ఎంచుకోండి. మౌస్ వదిలి కీబోర్డుతో నడిపే ఐ3 లాంటి వాటినీ ఒక వారం చూడండి. నెలాఖరు లెక్కలు నెత్తి మీదున్న గుమాస్తాకు మాత్రం ఈ సలహా ఇవ్వకండి.

6. మాట మార్చుకుంటే పరువు పోదు

లినక్స్‌ను 1991లో మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ డెస్క్‌టాప్‌ల విషయంలో ఎన్నిసార్లు మాట మార్చాడో తెలుసా? 2005లో గ్నోమ్‌ను దుమ్మెత్తిపోసి, కేడీఈ వాడండని జనానికి చెప్పాడు. 2008 జనవరిలో కేడీఈ 4 తడబడుతూ బయటికొచ్చాక, తాను తిట్టిన గ్నోమ్‌కే చేరాడు. 2011లో గ్నోమ్ మూడో అవతారం నచ్చక ఎక్స్‌ఎఫ్‌సీఈకి మారాడు. 2013 నాటికి మళ్లీ గ్నోమ్ దగ్గరికొచ్చాడు. ఇంజను చేసినవాడికే బాడీ ఒక్కసారికి కుదరలేదు. ఆ మధ్యకాలమంతా అతని అసలు పని, కెర్నెల్ అనే ఆ ఇంజను, ఆగిందీ లేదు.

ఉబుంటు అనే లినక్స్ రకాన్ని తయారుచేసే కంపెనీ కథ ఇంకా పెద్దది. 2011లో యూనిటీ అనే సొంత డెస్క్‌టాప్‌ను అందరి ముందు పెట్టింది. ఏళ్ల శ్రమ, బోలెడు డబ్బు. 2017 ఏప్రిల్‌లో ఆ కంపెనీ వ్యవస్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్, యూనిటీని ఆపేసి గ్నోమ్‌కు తిరిగి వెళ్తున్నామని ప్రకటించాడు. ఇంత పెట్టాం కదా, ఇంకొంచెం పెడదాం అనుకోలేదు.

మనం మాత్రం ఎవరికో చెప్పాం కదా అని, నచ్చని కోర్సులో, నడవని వ్యాపారంలో ఏళ్లకు ఏళ్లు ఈడుస్తాం. మాట మార్చడానికి కారణం ఉంటే అది బుద్ధి. కారణం చెప్పలేకపోతేనే చపలత్వం. ఈ రెంటికీ మధ్య గీత ఒక్కటే: మార్చే ముందు ఒక వాక్యం రాయగలగాలి. "పాతదాంట్లో ఫలానా పని కాలేదు." రాయగలిగితే మారండి. "కొత్తది బాగుందట" అని మాత్రమే రాయగలిగితే, కదలకండి.

7. గొడవపడండి, కానీ ఏదైనా కట్టండి

1996 అక్టోబరు 14. జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో మథియాస్ ఎట్రిష్ అనే విద్యార్థి, యూనిక్స్‌లో ఒక్కో ప్రోగ్రామూ ఒక్కో తీరుగా ఉంటోందని, మామూలు మనిషికి అన్నీ ఒకే పద్ధతిలో ఉండే తెర కావాలని పిలుపునిచ్చాడు. అదే కేడీఈ పుట్టుక. సరిగ్గా 29 ఏళ్లకు అదే తేదీన విండోస్ 10 మద్దతు ఆగింది.

కేడీఈ బాగుంది. కానీ అది ఆధారపడిన క్యూటీ అనే సామగ్రి లైసెన్సు అప్పట్లో పూర్తి స్వేచ్ఛ ఇచ్చేది కాదు. మెక్సికోకు చెందిన మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మేనా దీనికి ఒప్పుకోలేదు. తిట్టి ఊరుకోకుండా 1997 ఆగస్టులో గ్నోమ్ మొదలుపెట్టారు. 2000 నాటికి క్యూటీ కూడా స్వేచ్ఛా లైసెన్సులోకి వచ్చింది. ఒక విభేదం వల్ల లోకానికి రెండు మంచి డెస్క్‌టాప్‌లు దక్కాయి. మన విభేదాల వల్ల లోకానికి ఏం దక్కింది? చాలాసార్లు ఒక వాట్సాప్ గ్రూపు రెండవుతుంది, అంతే.

మన దగ్గరా కట్టినవాళ్లున్నారు. హైదరాబాద్ కేంద్రంగా 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో పలికే లినక్స్‌ను అదే పేరుతో తెచ్చింది, ఇంజినీరింగ్ కాలేజీల్లో గ్లగ్‌ల పేరుతో విద్యార్థి బృందాలు నడిపింది. గ్నోమ్‌లో, కేడీఈలో కనిపించే తెలుగు మెనూలు ఎవరో వాలంటీర్లు ఒక్కో మాటా కూర్చినవే. అనువాదం ఎక్కడ ఆగిందో అక్కడ ఇంగ్లిష్ మాట తొంగిచూస్తుంది. దాన్ని చూసి నవ్వుకునేవాళ్లు వందమంది. కూర్చుని ఆ మాట తెలుగు చేసే పదకొండో క్లాసు పిల్ల మిర్యాలగూడలో ఒక్కతి ఉంటే, ఆ వందమందికీ జవాబు దొరికినట్టే.

8. రంగులు వేయడం పని కాదు

ప్లాస్మా వేసుకున్న కొత్తలో నేను నాలుగు ఆదివారాలు రంగులతోనే గడిపాను. ఐకాన్లు గుండ్రంగా ఉంటే బాగుంటాయా, పలకలుగానా? గడియారం పైనా, కిందా? ఐదో ఆదివారం చూసుకుంటే, రాయవలసిన వ్యాసం పేరు తప్ప ఫైలులో ఏమీ లేదు. తెర మాత్రం పెళ్లి పందిరిలా మెరుస్తోంది.

మిల్లుకు వెళ్లినప్పుడు ఒక సంగతి గమనించండి. బియ్యానికి పాలిష్ పట్టేకొద్దీ తెల్లగా మెరుస్తాయి, పోయే తవుడులో సత్తువ కూడా పోతుంది. ఎక్కడ ఆపాలో తెలిసినవాడే మంచి మిల్లరు. మీరూ ఒక హద్దు పెట్టుకోండి. వాల్‌పేపర్, అక్షరాల సైజు, రాత్రి పూట కంటికి శ్రమ తగ్గించే వెలుగు. ఈ మూడూ మార్చడానికి అరగంట. ఆ తర్వాత సెట్టింగుల పెట్టెకు తాళం.

9. ఏడు రోజుల పరీక్ష

మాటలు చాలు, చేతిలోకి దిగుదాం.

మొదటి రోజు: మూడు షరతుల కాగితం రాయండి. మెషీన్ కొలతలు పక్కన రాయండి. రెండు డెస్క్‌టాప్‌లకు మించకుండా ఎంచుకోండి.

రెండో రోజు: ఒక పెన్‌డ్రైవ్‌లో లైవ్ లినక్స్ ఎక్కించండి. కంప్యూటర్‌లో ఏమీ వేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. వైఫై, శబ్దం, కెమెరా, ప్రింటర్ చూడండి. పెన్‌డ్రైవ్ మీద కొంచెం నెమ్మదిగా ఉంటుంది, దాన్ని బట్టి వేగం తేల్చకండి.

మూడో రోజు: తెలుగు పరీక్ష. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎంచుకుని, లేదా ఐబస్ అనే టైపింగ్ సాధనంలో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు వచ్చే పద్ధతి పెట్టుకుని, "రాష్ట్రం", "స్త్రీ", "జ్యోత్స్న" అని కొట్టండి. ఒత్తులు సరిగ్గా కూర్చున్నాయా? మెనూలు తెలుగులో కావాలంటే అదీ మార్చి చూడండి.

నాలుగో రోజు: ముఖ్యమైనదంతా బయటి డిస్కులోకి కాపీ చేయండి. తర్వాతే ఇన్‌స్టాల్ చేయండి.

ఐదు, ఆరు రోజులు: డెస్క్‌టాప్ గురించి ఒక్క వీడియో చూడకండి. మీ మామూలు పని చేయండి. ఎక్కడ చెయ్యి తడబడిందో అప్పటికప్పుడు కాగితం మీద ఒక గీత పెట్టండి.

ఏడో రోజు: గీతలు లెక్కపెట్టండి. ఐదో రోజు కన్నా ఆరో రోజు తగ్గితే మీరు అలవాటుపడుతున్నారు, ఉండిపోండి. తగ్గకపోతే రెండో డెస్క్‌టాప్‌కు మారండి. దాన్ని కొత్త యూజర్ ఖాతాలో పరీక్షించండి, ఒకే ఖాతాలో రెండిటి సెట్టింగులూ కలిసి గందరగోళం కాకుండా. ఏది మిగిలితే దానితో ఆరు నెలలు. మధ్యలో ఎవరేం చెప్పినా ఆ మాట కాగితం వెనక రాసిపెట్టుకోండి, ఆరు నెలలకు చూద్దాం.

పెళ్లి నిర్ణయాలు వేరే ఉన్నాయి

ఇప్పుడు నా తప్పు చెబుతాను. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి వస్తుంది. ఒక ఏడాది మా ఇంటిల్లిపాదీ వెళ్లాం, ఫొటోలన్నీ నా ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. ఏ డెస్క్‌టాప్ వేయాలో పదిహేను రోజులు తర్కించినవాణ్ని, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "డిస్కు మొత్తం చెరిపి వేయాలా?" అని అడిగితే పదిహేను సెకన్లు కూడా ఆలోచించకుండా అవునన్నాను. కాపీ లేదు. రెండేళ్లకు జాతర మళ్లీ వచ్చింది. ఫొటోలో నవ్వుతూ నిలబడిన మా పెద్దనాన్న రాలేదు.

ఎక్కువసేపు ఆలోచించవలసినవి ఇవీ. మీ ఫైళ్ల కాపీలు ఎక్కడున్నాయి? డిస్కుకు తాళం వేస్తే ఆ పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడు గతేమిటి? మీ రాతలు ఏ రూపంలో దాస్తున్నారు? డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించిన పాత మ్యాటరు ఆ ఫాంటు లేని చోట తెరిస్తే పిచ్చిగీతలే కనిపిస్తాయి. యూనికోడ్‌లో దాచిన తెలుగు ఏ డెస్క్‌టాప్‌లోనైనా, రేపు రాబోయేదాంట్లోనైనా తెలుగులాగే ఉంటుంది. బోర్డు ఎన్నిసార్లు మారినా పట్టా పాసుపుస్తకం భద్రంగా ఉండాలి కదా.

మీ జీవితంలోనూ రెండు జాబితాలు రాసుకోండి. వెనక్కి రాగలిగినవి ఒక వైపు, రాలేనివి ఇంకో వైపు. మొదటి జాబితాకు సాయంత్రాలు ఇవ్వండి. రెండో జాబితాకు నెలలు ఇవ్వండి, పెద్దల్ని అడగండి, రాత్రి నిద్రపోయి పొద్దున మళ్లీ ఆలోచించండి. చాలామంది ఇబ్బంది తెలివి తక్కువై వచ్చింది కాదు, జాబితాలు తారుమారై వచ్చింది.

ఇక మన సూర్యాపేట కుర్రాడు. ఈ వ్యాసం అతని చేతికి అందితే, చదవడం ఇక్కడే ఆపేయమని నా మనవి. బ్యాగు జిప్పు తియ్యి తమ్ముడూ. అక్క ఫొటోలు ముందు కాపీ చెయ్యి.